బెంగళూరులో ప్రభుత్వ న్యాయసేవల ఆఫీసులో ఇంటర్న్‌షిప్: లెటర్ నుంచి సర్టిఫికెట్ దాకా

సెమిస్టర్ పరీక్షలు అయిపోతున్నాయంటే చాలు, ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "అన్నా, తెలిసినవాళ్లు ఎవరూ లేకుండా దొరుకుతుందా?" "మాది అనంతపురం, కన్నడ సరిగ్గా రాదు, తీసుకుంటారా?" "నేను లా కాదు, బీఏ. నాకు కుదురుతుందా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. బెంగళూరులో చదువుతున్న తెలుగు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

ముందే రెండు మాటలు. ఇది జీతం లేని పని, స్టైపెండ్ మీద ఆశ పెట్టుకోకండి. అలాగే మీరూ ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు. "ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం, సర్టిఫికెట్‌తో కలిపి ఇంత" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మెసేజ్‌లను చూడగానే వదిలేయండి. సర్కారు ఆఫీసులో వలంటీర్‌గా పనిచేయడానికి ఫీజు కట్టించుకునేవాళ్లు ఉండరు.

ఇక సిఫార్సు సంగతి. ఉంటే ఉండనీయండి, లేకపోతే బెంగపడకండి. ఈ ఆఫీసుల్లో ఫైళ్లు ఎక్కువ, మనుషులు తక్కువ. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా వస్తారు, ఏ పని చేయగలరు అనేది ఒక పేజీలో స్పష్టంగా రాసి ఇచ్చిన పిల్లలకు సరే అనడం వాళ్లకు తేలిక.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రిన్సిపాల్ గానీ ప్లేస్‌మెంట్ ఇన్‌చార్జి గానీ సంతకం పెట్టిన కాలేజీ లెటర్, లెటర్‌హెడ్ మీద, సీలుతో
- ఒక పేజీ రెజ్యూమె. రెండో పేజీ ఎవరూ తిప్పరు
- కాలేజీ ఐడీ, ఆధార్ జిరాక్స్‌లు, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు
- చివరి సెమిస్టర్ మార్కుల కాపీ
- తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు లేదా సాదా సల్వార్, మూసి ఉండే నల్ల బూట్లు
- గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్ ఒకటి. ఫోన్‌లో నోట్స్ వద్దు, కారణం కింద చెప్తాను

1. ఏ ఆఫీసో తేల్చుకోండి

"గవర్నమెంట్ లీగల్ ఆఫీస్" అని అందరూ అంటారు గానీ, లోపల జరిగే పనులు వేరువేరు. బెంగళూరులో మీ ముందున్న దారులు ఇవీ.

మొదటిది న్యాయసేవల ప్రాధికార సంస్థలు. డబ్బు లేనివాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టేది వీళ్లే. 1987 నాటి చట్టం కింద ఏర్పడ్డాయి. రాష్ట్ర స్థాయి ఆఫీసు హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఉంది. ఫ్యామిలీ కోర్టు, మీడియేషన్ సెంటర్ కూడా ఆ భవనంలోనే ఉంటాయి. జిల్లా స్థాయిలో బెంగళూరు అర్బన్‌కు ఒకటి, రూరల్‌కు ఒకటి విడిగా ఉన్నాయి. బోర్డు మీద కన్నడంలో "జిల్లా కానూను సేవెగళ ప్రాధికార" అని ఉంటుంది. అది చూసి వెళ్లండి.

రెండోది అడ్వొకేట్ జనరల్ ఆఫీసు. విధాన సౌధ ఎదురుగా ఎర్రగా కనిపించే హైకోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం తరఫున వాదించే ఏజీఏలు (అడిషనల్ గవర్నమెంట్ అడ్వొకేట్లు), హెచ్‌సీజీపీలు (హైకోర్టు గవర్నమెంట్ ప్లీడర్లు) ఇక్కడివాళ్లు. డ్రాఫ్టింగ్, రీసెర్చ్ నేర్చుకోవాలంటే ఇది మంచి చోటు. మనుషులతో మాట్లాడే పని మాత్రం తక్కువ.

మూడోది కింది కోర్టుల్లోని పబ్లిక్ ప్రాసిక్యూటర్ల ఆఫీసులు. క్రిమినల్ కేసు మొదటినుంచీ ఎలా నడుస్తుందో చూడాలంటే ఇక్కడే చూడాలి.

నన్నడిగితే, మొదటిసారి వెళ్లేవాళ్లకు జిల్లా న్యాయసేవల ఆఫీసే మేలు. హైకోర్టు పేరు రెజ్యూమెలో బాగుంటుంది, కాదనను. కానీ రెండో సంవత్సరం పిల్లలకు అక్కడ రిట్ పిటిషన్ చేతికొచ్చినా అర్థమయ్యేది తక్కువ. జిల్లా ఆఫీసులో మొదటి రోజే మనిషి ఎదురుగా కూర్చుని సమస్య చెప్పుకుంటాడు. పైగా తెలుగు వచ్చిన మీకు ఇక్కడ ఒక విలువ ఉంది. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్లు, కోలారు, చిక్కబళ్లాపుర వైపు ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది. వాళ్ల మాట సరిగ్గా రాసిపెట్టే మనిషి ఆఫీసులో ఒకరు ఉంటే పని ఎంత తేలికవుతుందో ఊహించుకోండి.

లా చదవనివాళ్లకు వేరే దారి ఉంది: పారా లీగల్ వలంటీర్. బీఏ, ఎంఎస్‌డబ్ల్యూ చదివేవాళ్లు, టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఎవరైనా చేరవచ్చు. ట్రైనింగ్ ఇస్తారు, పని అప్పగించిన రోజులకు గౌరవ వేతనం ఉంటుంది. జిల్లా ఆఫీసు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు దరఖాస్తు చేయాలి. అందాకా ఆగలేకపోతే, ఏదైనా లా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ వాళ్లు ఊళ్లలో క్యాంపు పెట్టినప్పుడు వాళ్లతో కలిసి వెళ్లండి.

2. తారీఖులు చూసుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. కర్ణాటక హైకోర్టుకు, సివిల్ కోర్టులకు వేసవి సెలవులూ ఏప్రిల్ చివర, మే నెలలోనే. "మే 1 నుంచి నెల రోజులు" అని రాసి అడ్వొకేట్ జనరల్ ఆఫీసుకు పంపితే, ఖాళీ కోర్టు హాళ్లు చూసి రావడమే అవుతుంది. దసరాకు, డిసెంబరు చివర కూడా ఇదే గొడవ. కోర్టు క్యాలెండర్ హైకోర్టు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, దాన్ని పక్కన పెట్టుకుని తారీఖులు రాయండి. సెలవులు మేలోనే ఉంటే న్యాయసేవల ఆఫీసును ఎంచుకోండి. కోర్టుకు సెలవున్నా ఆఫీసు పని ఆగదు.

లా విద్యార్థులు బార్ కౌన్సిల్ లెక్కలు కూడా గుర్తుపెట్టుకోవాలి. మూడేళ్ల కోర్సుకు మొత్తం కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఒక ఏడాదిలో వరసగా నాలుగు వారాలు దాటకూడదు. కాబట్టి "రెండు నెలలు ఉంటాను" అని ఉత్సాహంగా రాస్తే కాలేజీలో అది లెక్కకు రాక తలనొప్పి. మొత్తం కోర్సులో ట్రయల్ కోర్టు లాయరు దగ్గర ఒకసారి, అప్పీలు కోర్టు లాయరు దగ్గర ఒకసారైనా చేసి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. న్యాయసేవల ఆఫీసు ఒక్కటే చేసి ఊరుకోకండి.

వీలైతే నేషనల్ లోక్ అదాలత్ (కేసులను రాజీతో తేల్చే కార్యక్రమం) జరిగే శనివారం మీ తారీఖుల మధ్యలో పడేలా చూసుకోండి. ఏడాదికి సుమారు నాలుగుసార్లు జరుగుతుంది, తేదీలు ముందే ప్రకటిస్తారు. దానికి ముందు రెండు వారాలు ఆఫీసు పెళ్లిల్లే. అప్పుడు వెళ్లినవాళ్లు నేర్చుకున్నంత మిగతా రోజుల్లో నేర్చుకోలేరు.

3. లెటర్ రాయండి

న్యాయసేవల ఆఫీసుకైతే, దాన్ని నడిపే మెంబర్ సెక్రటరీ పేరిట రాయాలి. ఆ కుర్చీలో ఉండేది జడ్జి అని మర్చిపోకండి. లెటర్ ఇంగ్లిష్‌లోనే రాయండి, కన్నడ బాగా వస్తే కన్నడంలో ఇంకా మంచిది. అందులో ఉండాల్సింది ఇంతే:

"ఫలానా కాలేజీలో ఐదేళ్ల లా కోర్సు మూడో సంవత్సరం చదువుతున్నాను. జూన్ 3 నుంచి జూన్ 28 వరకు, అన్ని పని దినాల్లో, ఆఫీసు వేళల్లో పూర్తిగా అందుబాటులో ఉంటాను. తెలుగు, ఇంగ్లిష్ చదవడం, రాయడం వచ్చు. కన్నడ మాట్లాడగలను, చదవడం నేర్చుకుంటున్నాను. అర్జీదారుల వివరాలు రాసుకోవడం, ఫైళ్లు సర్దడం, లోక్ అదాలత్ పనుల్లో సాయం చేయగలను. ఇది జీతం లేని పని అని తెలుసు. కాలేజీ లెటర్ జతచేశాను."

"చిన్నప్పటి నుంచి న్యాయవ్యవస్థ అంటే నాకు ప్రాణం" లాంటి వాక్యాలు వద్దు. రానిది వచ్చని రాయకండి. కన్నడ వచ్చని రాసినవాళ్లకు మొదటి రోజే కన్నడ ఆర్డర్ షీటు (వాయిదా వాయిదాకూ కోర్టు ఆదేశాలు రాసే కాగితం) చేతిలో పెడతారు. తెలుగు చదివే మనకు కన్నడ లిపి పట్టుబడటం పెద్ద కష్టం కాదు, రోజూ కాసేపు బస్సు బోర్డులు చదివినా వస్తుంది. వాది, ప్రతివాది, అర్జీ, దినాంకం అన్నీ మనకు తెలిసిన మాటలే.

ఒకే మెయిల్‌లో పది ఆఫీసుల అడ్రసులు పెట్టి పంపకండి. పైన ఉన్న లిస్టు వాళ్లకు కనబడుతుంది, ఎవరూ జవాబివ్వరు.

4. చేతికివ్వండి, సీలు వేయించుకోండి

మెయిల్ పంపండి, కానీ దానితో సరిపెట్టకండి. ప్రింట్ తీసుకుని స్వయంగా వెళ్లండి. రెండు కాపీలు ఉండాలి. ఒకటి టపాల్ సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద తారీఖు సీలు, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. తర్వాత ఫోన్ చేసినప్పుడు "నేను లెటర్ ఇచ్చాను సార్" అంటే ఎవరికీ గుర్తుండదు, ఇన్‌వర్డ్ నంబర్ చెబితే వెతుకుతారు. రెండో శనివారం, నాలుగో శనివారం ఆఫీసులు ఉండవు, అనవసరంగా తిరగకండి. హైకోర్టుకైతే మెట్రోలో విధాన సౌధ స్టేషన్ దగ్గర దిగండి. ఐడీ ఒరిజినల్ దగ్గర ఉంచుకోండి, గేటు దగ్గర అడుగుతారు.

ఎప్పుడు ఇవ్వాలి? మీరు చేరాలనుకున్న రోజుకు కనీసం నెల, నెలన్నర ముందు. వారం పది రోజులు చూసి, మధ్యాహ్నం భోజనం వేళ దాటాక ఒకసారి వెళ్లి అడగండి. పొద్దున వెళ్తే అందరూ కోర్టు హడావిడిలో ఉంటారు.

అయినా జవాబు లేకపోతే? ఒక్క ఆఫీసునే పట్టుకు వేళ్లాడకండి. అర్బన్‌లో ఖాళీ లేకపోతే రూరల్ అడగండి, తాలూకా న్యాయసేవల సమితులను అడగండి. ఎవరైనా ప్రభుత్వ ప్లీడరును నేరుగా కలిసి "మీ దగ్గర పనిచేస్తాను" అనడం కూడా మామూలే. ఇంకోటి, ఎవరూ అంతగా ఆలోచించనిది: సెలవులకు ఊరెళ్తారు కదా, మీ జిల్లా కేంద్రంలోని న్యాయసేవల ఆఫీసులోనే అడగండి. భాష సమస్య లేదు, హాస్టల్ ఖర్చు లేదు, పోటీ కూడా తక్కువ.

5. మొదటి వారం

వెళ్లగానే కేసు ఫైలు చేతిలో పెడతారనుకోకండి. రిజిస్టరు ఎక్కించడం, జిరాక్స్‌లు, ఫైళ్లకు పేజీ నంబర్లు వేయడం లాంటివే చెప్తారు. విసుక్కోకుండా చేయండి. పేజీ నంబర్లు వేస్తున్నప్పుడే ఫైలు మొత్తం చదివే వీలు దొరుకుతుంది: అర్జీ, వకాల్తా, నోటీసు, ఆర్డర్ షీటు ఏ వరసలో ఉంటాయో కళ్లకు అలవాటవుతుంది.

ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు వెతకడం ఇప్పుడే నేర్చుకోండి. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబర్ ఉంటుంది. అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, కేసు ఏ దశలో ఉందో వస్తుంది. "నా కేసు ఏమయింది?" అని వచ్చే పదిమందిలో ఎనిమిదిమందికి కావాల్సింది ఇదే.

బట్టల విషయం: మెడ బ్యాండ్, గౌను వేసుకోకూడదు. అవి ఎన్‌రోల్ అయిన లాయర్లకే.

6. అర్జీదారు ఎదురుగా కూర్చున్నప్పుడు

అసలు పని ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కట్టడం పనికి వచ్చిన ఒకామె అనుకోండి. "శివరాత్రికి పనిలో చేరినా, ఉగాది అయినాక మేస్త్రి దుడ్డు ఇయ్యలేదు" అంటుంది. చాలామంది ఇంటర్న్‌లు దీన్ని "జీతం బకాయి" అని ఒక ముక్కలో రాసేస్తారు. దానివల్ల లాయరుకు ఏమీ తెలియదు. ఇలా చేయండి:

ముందు ఆమెను చెప్పనివ్వండి. మధ్యలో అడ్డం పడకండి, పెన్ను కూడా పక్కన పెట్టండి. మొత్తం విన్నాక రెండోసారి అడుగుతూ రాయండి. పండగలను తారీఖులుగా మార్చండి, ఫోన్‌లో ఆ ఏడు క్యాలెండర్ తీసి శివరాత్రి ఎప్పుడో, ఉగాది ఎప్పుడో చూడండి. రోజుకు ఎంత కూలి మాట్లాడుకున్నారు, ఎన్ని వారాలు ఇచ్చాడు, ఎన్ని వారాలు ఆపాడు, చేతికిచ్చేవాడా ఫోన్‌పేలో వేసేవాడా? ఫోన్‌పే అయితే అదే సాక్ష్యం. మేస్త్రి పేరు, ఫోన్ నంబరు, సైటు ఎక్కడ, సైటు ముందు బోర్డు మీద ఏ పేరుంది? ఆమెతో పాటు పనిచేసిన ఇద్దరి పేర్లు. చివరికి మీరు రాసింది ఆమెకు తెలుగులో చదివి వినిపించండి. "అట్ల కాదు, వారం వారం కాదు, పదైదు రోజులకొకసారి ఇచ్చేది" అంటుంది చూడండి, ఆ దిద్దుబాటే మీ పనికి పరీక్ష.

తర్వాత అర్హత. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మిగతావాళ్లకే ఆదాయ పరిమితి, దానికి అఫిడవిట్ ఇస్తే చాలు. ఆడమనిషిని ఆదాయ సర్టిఫికెట్ తెమ్మని వెనక్కి పంపడం కొత్త ఇంటర్న్‌లు చేసే పెద్ద తప్పు. ఆ రోజు కూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారి వచ్చిన మనిషి మళ్లీ రాకపోవచ్చు.

చేయకూడనివి కూడా రాసుకోండి.

- "మీ కేసు గెలుస్తుంది" అనొద్దు. న్యాయ సలహా ఇవ్వడం మీ పని కాదు, మీరింకా లాయరు కాదు. "లాయరుగారు చూసి చెప్తారు" అనండి
- మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వొద్దు. ఎవరైనా అడిగితే ఉచిత హెల్ప్‌లైన్ 15100 రాసివ్వండి
- టీ, పండ్లు, డబ్బు ఏదీ తీసుకోవద్దు
- "మా అన్న ఒకాయన లాయరు ఉన్నాడు" అని బయటికి పంపొద్దు. ఈ ఒక్క పనితో మిమ్మల్ని అదే రోజు ఇంటికి పంపేస్తారు

ఫోన్ సంగతి చెప్తానన్నాను కదా. ఫైలును ఫొటో తీయొద్దు. "నోట్స్ కోసమే" అన్నా సరే. పోక్సో కేసుల్లో పిల్లల వివరాలు, అత్యాచార కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. మీ గ్యాలరీ క్లౌడ్‌లోకి వెళ్తుంది, ఎక్కడికి పోతుందో మీకే తెలియదు. నేమ్ బోర్డు ముందు సెల్ఫీ తీసుకుంటే తీసుకోండి, వెనక టేబుల్ మీద ఫైళ్లు పడకుండా.

7. డైరీ రాయండి, మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి

రోజూ సాయంత్రం పది లైన్లు చాలు. ఏ పని చేశారు, ఏ కొత్త మాట విన్నారు, ఏది అర్థం కాలేదు. "ఈరోజు చాలా నేర్చుకున్నాను" అన్న వాక్యం డైరీలో కనబడితే ఆ రోజు ఏమీ నేర్చుకోలేదని లెక్క.

రెండో వారం చివర ఈ ప్రశ్నలు వేసుకోండి. ఎవరినీ అడగకుండా ఒక న్యాయ సహాయ అర్జీ నింపగలరా? నంబరు ముందు ఓఎస్ అని ఉంటే, ఎంవీసీ అని ఉంటే ఏ రకం కేసో చెప్పగలరా? లోక్ అదాలత్‌లో రాజీ అయితే దాని మీద అప్పీలు ఉండదని, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుందని ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలరా? మూడింటికీ అవునంటే సరైన దారిలోనే ఉన్నారు. కాదంటే మీరు రిజిస్టర్ల దగ్గరే ఆగిపోయారని అర్థం. వెళ్లి మర్యాదగా అడగండి: "సార్, ఈ వారం ప్యానెల్ లాయరుగారితో (అంటే న్యాయసేవల ఆఫీసు తరఫున కేసులు చూసే లాయరు) కోర్టుకు వెళ్లొచ్చా?" అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఎవరూ పిలిచి చెప్పరు మాత్రం.

8. సర్టిఫికెట్

చివరి రోజు సాయంత్రం అడిగితే దొరకదు. సంతకం పెట్టాల్సినవారు ఆ రోజు సెలవులోనో, క్యాంపులోనో ఉంటారు. నాలుగైదు రోజుల ముందే అటెండెన్స్ కాగితంతో కలిపి అడగండి. మీ పేరు, రిజిస్టర్ నంబరు, తారీఖులు ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

ఆ చీటీ ఎందుకంటే, మన పేర్లతో ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనకు ఇంటిపేరు ముందు, కర్ణాటకలో ఇనిషియల్ చివర. "కె. సురేష్" కాస్తా "సురేష్ కె." అయి కూర్చుంటాడు. పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అదే వరసలో, అదే స్పెల్లింగుతో రావాలి. చేతికివ్వగానే అక్కడే నిలబడి చూసుకోండి: పేరు, కాలేజీ పేరు, మొదలు తారీఖు, చివరి తారీఖు, సంతకం కింద హోదా, సీలు, రెఫరెన్స్ నంబరు. ఒక్కటి తప్పినా అప్పుడే దిద్దించుకోండి. బయటికొచ్చాక దిద్దించాలంటే మళ్లీ లెటర్, మళ్లీ టపాల్ సెక్షన్.

ఒరిజినల్‌ను లామినేషన్ చేయించకండి, కొన్ని కాలేజీలు వెనక సంతకం పెట్టాలంటాయి. స్కాన్ తీసి పెట్టుకోండి. డైరీ కాలేజీకి ఇవ్వాల్సి వస్తే దాన్ని అలాగే ఇవ్వకండి. అర్జీదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, కేసు నంబర్లు ఉన్నచోట నల్ల పెన్నుతో పూర్తిగా కొట్టేసి, జిరాక్స్ తీసి ఆ జిరాక్సే ఇవ్వండి. ఒరిజినల్ మీద కొట్టేసినా వెలుతురుకు పెట్టి చూస్తే అక్షరాలు కనిపిస్తాయి.